పారిస్ హాకీ సెమీస్: 2-3తో చేజారిన ఫైనల్.. తప్పు శ్రీజేష్‌దా, డిఫెన్స్‌దా, అంపైర్లదా?

ఇంకో ఆరు నిమిషాలు. స్కోరు 2-2. అక్కడిదాకా లాక్కొచ్చిన భారత హాకీ జట్టు, చివరికి ఒక్క గోల్ తేడాతో ఒలింపిక్ ఫైనల్‌ను చేజార్చుకుంది. మంగళవారం (ఆగస్టు 6) రాత్రి పారిస్ శివారు కొలంబ్‌లోని ఈవ్-దు-మన్వార్ స్టేడియంలో జరిగిన సెమీఫైనల్లో జర్మనీ 3-2తో భారత్‌ను ఓడించింది. 1980 మాస్కో తర్వాత ఒలింపిక్ ఫైనల్ ఆడాలన్న 44 ఏళ్ల కల మరో నాలుగేళ్లు వెనక్కి వెళ్లిపోయింది.

మ్యాచ్ ముగిసిన దగ్గర్నుంచి అభిమానుల్లో ఒకటే చర్చ. పెనాల్టీ స్ట్రోక్ ఇచ్చిన అంపైర్లే కొంప ముంచారని కొందరు, రోహిదాస్‌ను సస్పెండ్ చేసినప్పుడే సగం మ్యాచ్ పోయిందని ఇంకొందరు. మూడు గోల్స్ పడ్డాయి కాబట్టి గోల్‌కీపర్‌ను తప్పుపడుతున్నవాళ్లూ లేకపోలేదు. ఇందులో ఏది నిజం, ఏది ఆవేశం? ఒక్కో గోల్‌ను విడివిడిగా చూస్తే కొంత స్పష్టత వస్తుంది.

స్కోరు ఎలా మారిందంటే..

ఆరంభం భారత్‌దే. వరుసగా పెనాల్టీ కార్నర్లు సంపాదించి జర్మనీని వెనక్కి నెట్టింది. 7వ నిమిషంలో కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ పెనాల్టీ కార్నర్‌ను గోల్‌గా మలిచాడు. మొదటి క్వార్టర్ ముగిసేసరికి 1-0.

రెండో క్వార్టర్లో సీన్ రివర్స్. 18వ నిమిషంలో గొంజాలో పెయ్లాట్ పెనాల్టీ కార్నర్‌తో స్కోరు సమం చేశాడు. 27వ నిమిషంలో క్రిస్టోఫర్ రూర్ పెనాల్టీ స్ట్రోక్‌ను గోల్ చేసి జర్మనీని ఆధిక్యంలోకి తీసుకెళ్లాడు. హాఫ్ టైమ్‌కు 1-2.

మూడో క్వార్టర్లో టీమిండియా మళ్లీ లేచింది. 36వ నిమిషంలో పెనాల్టీ కార్నర్ నుంచే సుఖ్‌జీత్ సింగ్ గోల్ కొట్టడంతో 2-2. అప్పట్నుంచి మ్యాచ్ ఎటైనా వెళ్లొచ్చు అన్నట్టే సాగింది. 54వ నిమిషంలో మార్కో మిల్ట్‌కౌ ఫీల్డ్ గోల్ కొట్టాడు. భారత్ గోల్‌కీపర్‌ను కూడా తీసేసి అదనపు ఆటగాడితో దాడి చేసింది. చివరి క్షణాల్లో షంషేర్ సింగ్‌కు గోల్ ముందు మంచి అవకాశం వచ్చింది. కానీ బంతి బార్ మీదుగా పైకి వెళ్లిపోయింది. అంతే.

శ్రీజేష్ తప్పు ఎంత?

ముందు గోల్‌కీపర్ విషయం తేల్చేద్దాం. పీఆర్ శ్రీజేష్‌కు ఇదే చివరి టోర్నీ. పారిస్ తర్వాత రిటైర్ అవుతానని ఒలింపిక్స్‌కు ముందే ప్రకటించాడు. ఆదివారం గ్రేట్ బ్రిటన్‌తో క్వార్టర్‌ఫైనల్లో పది మందితో ఆడుతున్న జట్టును 1-1 దగ్గర నిలబెట్టి, షూటౌట్‌లో 4-2తో గెలిపించింది అతడే. అలాంటి శ్రీజేష్ రెండు రోజులకే మూడు గోల్స్ ఇచ్చాడంటే సహజంగానే ప్రశ్న వస్తుంది. కానీ గోల్స్ లెక్క చూసి గోల్‌కీపర్‌కు మార్కులు వేయడం హాకీలో కుదరదు. ఆ గోల్ ఎలాంటి పరిస్థితిలో వచ్చిందన్నది చూడాలి.

మొదటి గోల్ డ్రాగ్ ఫ్లిక్. కొట్టింది పెయ్లాట్. ఈ పేరు హాకీ ఫాలో అయ్యేవాళ్లకు కొత్త కాదు. 2016 రియో ఒలింపిక్స్‌లో అర్జెంటీనా స్వర్ణం గెలిచినప్పుడు టోర్నీ టాప్ స్కోరర్ అతడే. అప్పుడు సెమీఫైనల్లో ఇదే జర్మనీపై హ్యాట్రిక్ కొట్టాడు. తర్వాత జర్మనీకి మారాడు. 2023లో మన ఒడిశాలో జరిగిన ప్రపంచకప్ సెమీస్‌లో ఆస్ట్రేలియాపై మరో హ్యాట్రిక్ కొట్టి జర్మనీని ఫైనల్‌కు చేర్చాడు. ఆ కప్పు కూడా జర్మనీదే. పెద్ద మ్యాచ్ వస్తే గోల్ కొట్టే అలవాటున్న మనిషి. అలాంటి ఫ్లిక్కర్ గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో వదిలే బంతిని గోల్‌కీపర్ చూసి ఆపేది తక్కువ. ముందే అంచనా వేసి ఆపాలి. ఆ అంచనా ఒక్కడి చేతిలో ఉండేది కాదు, ముందు పరిగెత్తే డిఫెండర్‌తో కలిసి చేసుకునేది. ఆ విషయానికి తర్వాత వద్దాం.

రెండో గోల్ పెనాల్టీ స్ట్రోక్. ఇక్కడ గోల్‌కీపర్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. స్ట్రోక్ కొట్టే చోటు గోల్ లైన్‌కు 6.40 మీటర్ల దూరంలో ఉంటుంది. గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. కొట్టేవాడు బంతిని తాకేవరకు గోల్‌కీపర్ లైన్ మీద నుంచి కాళ్లు కదపకూడదు. అంటే కొట్టేవాడికే నూటికి తొంభై పాళ్లు అనుకూలం. ఆపితే అద్భుతం, ఆపలేకపోతే మామూలు విషయం.

మూడో గోల్ సర్కిల్లోకి వచ్చిన బంతిని దగ్గర నుంచి దారి మళ్లించి కొట్టింది. ఇలాంటి డిఫ్లెక్షన్లలో గోల్‌కీపర్ ఒక దిక్కుకు సిద్ధమయ్యాక బంతి ఇంకో దిక్కుకు వెళుతుంది. కాలికున్న ప్యాడ్‌కు తగిలితే అదృష్టం. ఆ బంతి అక్కడిదాకా రాకుండా, వచ్చినా ప్రత్యర్థి స్టిక్ దాన్ని తాకకుండా చూడాల్సింది డిఫెండర్లు.

సరే, అయితే శ్రీజేష్‌కు పూర్తిగా క్లీన్ చిట్ ఇచ్చేయాలా? అదీ కాదు. గొప్ప గోల్‌కీపర్ నుంచి మనం ఆశించేది ఆపాల్సినవి ఆపడం ఒక్కటే కాదు, ఆపలేని వాటిలోనూ ఒకటి ఆపడం. 2021 ఆగస్టు 5న టోక్యోలో ఇదే జర్మనీతో కాంస్య పోరులో 5-4తో ముందున్నప్పుడు, ఆఖరి సెకన్లలో వచ్చిన పెనాల్టీ కార్నర్‌ను ఆపి 41 ఏళ్ల తర్వాత పతకం తెచ్చిపెట్టాడు. బ్రిటన్‌తో మ్యాచ్‌లోనూ అదే చేశాడు. మంగళవారం అలాంటి క్షణం రాలేదు. రాకపోవడం వేరు, తప్పు చేయడం వేరు. ప్రతిసారీ ఒకే మనిషి అద్భుతం చేయాలని కూర్చుంటే ఏదో ఒకరోజు ఇలాగే అవుతుంది. మన చిత్తూరు జిల్లా నుంచి మహిళల జాతీయ జట్టుకు ఎదిగిన గోల్‌కీపర్ రజని గురించి తెలిసినవాళ్లకు ఈ పొజిషన్ కష్టం ఏంటో విడిగా చెప్పక్కర్లేదు. పది ఆపినా గుర్తుండేది లోపలికి వెళ్లిన ఒక్కటే.

అసలు దెబ్బ.. రోహిదాస్ లేని లోటు

ఇక డిఫెన్స్. అమిత్ రోహిదాస్ లేకపోవడాన్ని చాలామంది 'ఒక డిఫెండర్ తగ్గాడు' అన్నట్టే చూస్తున్నారు. నిజానికి పోయింది అంతకన్నా ఎక్కువ.

పెనాల్టీ కార్నర్‌ను ఎదుర్కోవడానికి గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే గోల్ లైన్ వెనుక ఉండాలి. మిగతావాళ్లంతా సెంటర్ లైన్ అవతలికి వెళ్లిపోవాలి. బంతి లోపలికి నెట్టగానే ఈ ఐదుగురిలో ఒకడు నేరుగా ఫ్లిక్కర్ మీదికి దూసుకెళ్తాడు. వాడినే ఫస్ట్ రషర్ అంటారు. ముఖానికి మాస్క్, మోకాళ్లకు గార్డులు కట్టుకుని, ఎదురుగా వచ్చే బంతికి శరీరాన్ని అడ్డుపెట్టే పని అది. భారత జట్టులో ఆ పని రోహిదాస్‌ది. ఏళ్ల తరబడి అతడే చేస్తున్నాడు.

రషర్ ఉద్యోగం బంతిని ఆపడం మాత్రమే అనుకుంటే పొరపాటు. అతను పరిగెత్తే గీత గోల్‌లో ఒక వైపును మూసేస్తుంది. మిగిలిన వైపు గోల్‌కీపర్‌ది. పోస్ట్ దగ్గర నిలబడ్డవాడిది ఇంకో భాగం. ఈ ముగ్గురి మధ్య లెక్క కుదిరితేనే గోల్‌కీపర్ ముందుగా ఒక వైపుకు ధైర్యంగా వెళ్లగలడు. రోహిదాస్ పరుగు శ్రీజేష్‌కు కళ్లు మూసుకున్నా తెలుసు. అతని చోట వేరేవాళ్లు వస్తే ఒక్క రోజు ప్రాక్టీస్‌లో ఆ నమ్మకం కుదిరేది కాదు.

అలాగని పెయ్లాట్ గోల్ రోహిదాస్ లేకపోవడం వల్లే వచ్చిందని తేల్చేయడం కూడా తొందరపాటే. పూర్తి బలంతో ఉన్న జట్లపైనా అతను కొట్టాడు. రోహిదాస్ ఉండి ఉంటే ఆ ఫ్లిక్ కొట్టడం కొంచెం కష్టమయ్యేది. అంతవరకే చెప్పగలం.

ఇంకో లోటు కూడా ఉంది. హర్మన్‌ప్రీత్ తర్వాత పెనాల్టీ కార్నర్లలో రెండో డ్రాగ్ ఫ్లిక్కర్ రోహిదాసే. ఇద్దరు ఫ్లిక్కర్లు నిలబడితే ఎవరు కొడతారో ప్రత్యర్థికి అనుమానం ఉంటుంది. ఒక్కడే ఉంటే వాళ్ల రషర్‌కు దారి తెలిసిపోతుంది. అంటే ఒక్క సస్పెన్షన్‌తో అటు రక్షణ, ఇటు దాడి రెండూ దెబ్బతిన్నాయి.

పదిహేను మంది లెక్క

సస్పెండైన ఆటగాడి బదులు రిజర్వ్ నుంచి ఇంకొకరిని తీసుకునే వీలు లేకపోవడంతో భారత్ 16 మందికి బదులు 15 మందితోనే సెమీస్ ఆడింది. జట్టులో ఉన్న ఐదుగురు డిఫెండర్లలో మిగిలింది నలుగురు. హర్మన్‌ప్రీత్, జర్మన్‌ప్రీత్, సుమిత్, సంజయ్.

చిన్న లెక్క వేద్దాం. గోల్‌కీపర్‌ను పక్కనపెడితే మైదానంలో పది మంది, అరవై నిమిషాలు. మొత్తం 600 నిమిషాల పని. దాన్ని 15 మంది పంచుకుంటే మనిషికి సగటున 40 నిమిషాలు. 14 మంది పంచుకుంటే దాదాపు 43. మూడు నిమిషాలే కదా అనిపించొచ్చు. కానీ ఆ భారం అందరి మీదా సమానంగా పడదు. ఎక్కువగా వెనుక లైన్ మీదే పడుతుంది. ఫార్వర్డ్‌లు మార్చి మార్చి బెంచ్ మీద కూర్చోగలరు. డిఫెండర్లకు అంత వెసులుబాటు దొరకదు.

పైగా ఇదే జట్టు రెండు రోజుల ముందు బ్రిటన్‌తో 17వ నిమిషం నుంచి చివరిదాకా, అంటే సుమారు 43 నిమిషాల పాటు పది మందితోనే ఆడింది. ఆ మ్యాచ్ అలసట కాళ్లలో ఉండగానే ప్రపంచ చాంపియన్‌ను ఎదుర్కోవాల్సి వచ్చింది. 54వ నిమిషంలో సర్కిల్లో మిల్ట్‌కౌకు దొరికిన ఆ కాస్త ఖాళీ వెనుక ఈ లెక్క అంతా ఉంది. ఇది సాకు కాదు. కానీ 'చివర్లో నిద్రపోయారు' అని తిట్టేముందు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

సొంత తప్పులు లేవా? ఉన్నాయి

రోహిదాస్ పేరు చెప్పి అన్నీ కప్పేయలేం. 7వ నిమిషంలో ఆధిక్యం దొరికాక రెండో క్వార్టర్లో భారత్ ఆట నెమ్మదించింది. బంతిని తన దగ్గర ఉంచుకోవడం మానేసి వెనక్కి తగ్గింది. జర్మనీ లాంటి జట్టును సర్కిల్ దాకా రానిస్తే పెనాల్టీ కార్నర్లు వాటంతటవే వస్తాయి. తొమ్మిది నిమిషాల తేడాలో రెండు గోల్స్ పడ్డాయి. రెండూ సెట్ పీస్‌లే. అంటే ఓపెన్ ప్లేలో జర్మనీ మనల్ని చీల్చి చెండాడిందేమీ లేదు, మనమే వాళ్లకు ఆ అవకాశాలు ఇచ్చాం.

పెనాల్టీ స్ట్రోక్‌కు దారితీసిన సంఘటన కూడా అంతే. సర్కిల్లో బంతి జర్మన్‌ప్రీత్ కాలికి తగిలింది. కావాలని పెట్టాడా అంటే కాదు. కానీ సర్కిల్లో, అదీ గోల్ ముందు, స్టిక్‌తో ఆడలేని చోట శరీరం అడ్డుపడితే దాని మూల్యం ఏంటో అంతర్జాతీయ డిఫెండర్లందరికీ తెలుసు. కాళ్లు ఎక్కడ పెట్టాలన్నది డిఫెండర్ నేర్చుకునే మొదటి పాఠం, ఒత్తిడిలో మర్చిపోయేది కూడా మొదట దాన్నే.

కోచ్ క్రెయిగ్ ఫుల్టన్ జట్టులోకి వచ్చినప్పటి నుంచి చెబుతున్న మాట ఒకటే. గెలవడానికి ముందు డిఫెండ్ చేయాలి. ఆ మాటను జట్టు ఈ టోర్నీలో బాగానే పట్టుకుంది. ఆస్ట్రేలియాపై 3-2తో గెలిచి, 1972 తర్వాత ఒలింపిక్స్‌లో ఆ జట్టును తొలిసారి ఓడించింది. బ్రిటన్‌తో పది మందితో నిలబడింది. అయితే డిఫెండ్ చేయడమంటే సొంత సర్కిల్ ముందు గోడ కట్టుకుని కూర్చోవడం కాదు, ప్రత్యర్థి అక్కడిదాకా రాకుండా మిడ్‌ఫీల్డ్‌లోనే ఆపడం. రెండో క్వార్టర్లో లోపించింది అదే.

స్ట్రోక్ ఇవ్వడం సరైనదేనా?

ఇప్పుడు అందరూ ఎదురుచూసే ప్రశ్న. జర్మనీ రిఫరల్ అడిగింది. వీడియో అంపైర్ రీప్లేలు చూశాక స్ట్రోక్ వచ్చింది. కాలికి తగిలితే పెనాల్టీ కార్నర్ ఇవ్వాలి కదా, నేరుగా స్ట్రోక్ ఎందుకు?

రూల్ ఏం చెబుతోందంటే, సర్కిల్లో డిఫెండర్ చేసిన తప్పు వల్ల దాదాపు ఖాయమైన గోల్ ఆగిపోయిందని భావిస్తే స్ట్రోక్ ఇవ్వాలి. అక్కడ ఉద్దేశంతో పనిలేదు. పొరపాటున తగిలినా సరే, గోల్ ఆగిందా లేదా అన్నదే ప్రశ్న. అలాగే బంతి ఆడుతున్న, లేదా ఆడే అవకాశం ఉన్న ప్రత్యర్థిపై డిఫెండర్ సర్కిల్లో కావాలని తప్పు చేసినా స్ట్రోకే. ఈ రెండూ కాని సందర్భాల్లో పెనాల్టీ కార్నర్.

కాబట్టి ఇక్కడ చర్చ అంతా 'గోల్ ఖాయంగా ఉందా' అన్న ఒక్క అంచనా మీదే. అది అంపైర్ కన్ను, మనసు కలిసి చేసే అంచనా. ఇద్దరు మంచి అంపైర్లు రెండు రకాలుగా చూడొచ్చు. కఠినమైన నిర్ణయమే. కానీ రూల్‌కు విరుద్ధమైనది కాదు. ఇదే నిర్ణయం మనకు అనుకూలంగా వచ్చి ఉంటే మనం రెండు చేతులా తీసుకునేవాళ్లం. సెమీస్ ఓటమిని అంపైర్ల ఖాతాలో వేయాలంటే ఈ ఒక్క స్ట్రోక్ సరిపోదు.

ఫిర్యాదు అసలు మ్యాచ్ అది కాదు

అంపైరింగ్‌పై భారత్‌కు న్యాయమైన ఫిర్యాదు ఉంది. అయితే అది సెమీస్‌ది కాదు, క్వార్టర్‌ఫైనల్‌ది. బ్రిటన్‌తో మ్యాచ్‌లో 17వ నిమిషంలో రోహిదాస్ బంతి తీసుకెళ్తుండగా, అతని స్టిక్ విల్ కాల్నన్ ముఖానికి తగిలింది. మైదానంలోని అంపైర్ మొదట దాన్ని అంత తీవ్రంగా చూడలేదు. వీడియో అంపైర్ పరిశీలన తర్వాత రెడ్ కార్డ్ వచ్చింది.

హాకీలో మూడు రంగుల కార్డులు. గ్రీన్ అంటే రెండు నిమిషాలు బయట. ఎల్లో అంటే కనీసం ఐదు నిమిషాలు. రెడ్ అంటే మ్యాచ్ నుంచే ఔట్. ఆ పైన సస్పెన్షన్ కూడా. ఎల్లో ఇచ్చి ఉంటే భారత్ కొన్ని నిమిషాలు పది మందితో ఆడేది, జర్మనీతో మ్యాచ్‌కు రోహిదాస్ ఉండేవాడు. ఒక రంగు తేడా రెండు మ్యాచ్‌ల మీద పడింది.

హాకీ ఇండియా ఊరుకోలేదు. అంపైరింగ్ తీరుపై అధికారికంగా ఫిర్యాదు చేసింది. అందులో మూడు అంశాలున్నాయి. ఒకటి, వీడియో సమీక్షలో ఒకే ప్రమాణం పాటించడం లేదని. రెండు, షూటౌట్ సమయంలో గోల్‌పోస్ట్ వెనుక నుంచి బ్రిటన్ గోల్‌కీపర్‌కు సూచనలు అందాయని. మూడు, అదే గోల్‌కీపర్ షూటౌట్‌లో వీడియో టాబ్లెట్ వాడాడని. సస్పెన్షన్‌పై అప్పీల్ కూడా చేసింది. కానీ అంతర్జాతీయ హాకీ సమాఖ్య (ఎఫ్‌ఐహెచ్) దాన్ని తోసిపుచ్చింది. ఒక మ్యాచ్ నిషేధం అలాగే ఉండిపోయింది.

ఈ మూడింటిలో రెండు, మూడు అంశాలు ఫలితాన్ని మార్చినవి కావు. ఆ షూటౌట్ మనమే గెలిచాం. బలమైనది మొదటిదే. ముఖానికి స్టిక్ తగలడం ప్రమాదకరం, అందులో రెండో మాట లేదు. ఆటగాళ్ల రక్షణ కోసం కఠినంగా ఉండటం మంచిదే. కానీ వెనక్కి చూడకుండా పరిగెత్తే ఆటగాడి స్టిక్ ఎవరికైనా తగిలితే, అది నిర్లక్ష్యమా లేక కావాలని చేసిందా అన్నది స్లో మోషన్‌లో తేల్చడం కష్టం. స్లో మోషన్‌లో ప్రతి కదలికా ఆలోచించి చేసినట్టే కనిపిస్తుంది. మైదానంలో దగ్గర నుంచి చూసిన అంపైర్ నిర్ణయాన్ని తెర మీద చూసినవాళ్లు ఎంతవరకు మార్చొచ్చు? అందుకు కారణాన్ని జట్లకు, ప్రేక్షకులకు వివరంగా చెప్పాలా వద్దా? ఎఫ్‌ఐహెచ్ జవాబు చెప్పాల్సింది దీనికే.

మన అభిమానుల్లో ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల మహిళల సెమీస్ గుర్తుండే ఉంటుంది. ఆస్ట్రేలియాతో షూటౌట్‌లో మొదటి ప్రయత్నాన్ని సవిత ఆపేసింది. కానీ గడియారం స్టార్ట్ కాలేదంటూ మళ్లీ కొట్టించారు. ఈసారి గోల్ పడింది. భారత్ 0-3తో షూటౌట్ ఓడింది. తర్వాత ఎఫ్‌ఐహెచ్ క్షమాపణ చెప్పింది. అలాంటి అనుభవం ఉన్నవాళ్లకు ప్రతి రిఫరల్‌లోనూ అన్యాయమే కనిపిస్తుంది. దానికి మందు అరుపులు కాదు. నిర్ణయాలకు కారణాలు బయటకు చెప్పే పద్ధతి.

ఎవరూ మాట్లాడని నాలుగో కారణం

గోల్‌కీపర్, డిఫెండర్లు, అంపైర్లు.. ఈ ముగ్గురి చుట్టూ తిరుగుతున్న చర్చలో ఒక పెద్ద విషయం పక్కకు పోయింది. మంగళవారం భారత్‌కు పదికి పైగా పెనాల్టీ కార్నర్లు వచ్చాయి. గోల్స్‌గా మారింది రెండే. ఫీల్డ్ గోల్ ఒక్కటీ లేదు.

ఆరంభంలో వరుసగా వచ్చిన కార్నర్లలో ఇంకొక్కటి లోపలికి వెళ్లి ఉంటే 2-0 అయ్యేది. అప్పుడు జర్మనీ వేరే ఆట ఆడాల్సి వచ్చేది. 27వ నిమిషం స్ట్రోక్ కూడా ఇంత చర్చనీయాంశం అయ్యేది కాదు. సుఖ్‌జీత్ గోల్ చూడండి. కార్నర్‌లో ప్రతిసారీ నేరుగా ఫ్లిక్ కొట్టకుండా మధ్యలో బంతిని దారి మళ్లిస్తే ఏమవుతుందో అది చూపించింది. హర్మన్‌ప్రీత్ ఈ టోర్నీలో అద్భుతంగా ఆడుతున్నాడు, గోల్స్ భారమంతా దాదాపు అతనే మోస్తున్నాడు. బలమూ అదే, బలహీనతా అదే. ఒక్క ఫ్లిక్కర్ మీద ఆధారపడ్డ జట్టును చదివేయడానికి జర్మనీకి ఒక క్వార్టర్ చాలింది.

చివరి నిమిషంలో షంషేర్ మిస్ చేసిన అవకాశం కూడా ఈ ఖాతాలోదే. అది గోల్ అయి ఉంటే షూటౌట్. షూటౌట్ అంటే గోల్‌లో శ్రీజేష్. అప్పుడు కథ వేరేగా ఉండేదేమో. కానీ ఒక్క షంషేర్‌ను దోషిగా నిలబెట్టడం సరికాదు. అరవై నిమిషాల్లో జట్టు మొత్తం వృథా చేసిన అవకాశాల్లో అది ఆఖరిది మాత్రమే.

లెక్క తేలిస్తే..

ఓటమిని పంచాల్సి వస్తే ఇలా ఉంటుంది. పెద్ద వాటా వృథా అయిన పెనాల్టీ కార్నర్లది. తర్వాతది ఆధిక్యం వచ్చాక వెనక్కి తగ్గిన రెండో క్వార్టర్‌ది. రోహిదాస్ సస్పెన్షన్‌ది ఆ తర్వాతి స్థానం. అది మన చేతిలో లేనిది, కానీ దాని దెబ్బ నిజమైనదే. సెమీస్ అంపైరింగ్ వాటా చిన్నది. శ్రీజేష్ వాటా అంతకన్నా చిన్నది.

ఒక మాట మాత్రం మర్చిపోకూడదు. టోక్యో సెమీస్‌లో బెల్జియం చేతిలో 2-5తో ఓడాం. ఇప్పుడు ఒక మనిషి తక్కువతో, ప్రపంచ చాంపియన్ మీద, ఆరు నిమిషాల ముందు దాకా సమంగా ఉన్నాం. దూరం తగ్గింది. ఇంకా మిగిలే ఉంది.

రేపే కాంస్య పోరు

ఏడవడానికి టైమ్ లేదు. గురువారం (ఆగస్టు 8) సాయంత్రం 5.30 గంటలకు స్పెయిన్‌తో కాంస్య పతక పోరు. మరో సెమీస్‌లో నెదర్లాండ్స్ చేతిలో స్పెయిన్ 0-4తో చిత్తుగా ఓడింది. అలాగని తేలిగ్గా తీసుకుంటే కొంపలంటుకుంటాయి. క్వార్టర్స్‌లో డిఫెండింగ్ చాంపియన్ బెల్జియంను 3-2తో ఇంటికి పంపింది ఈ స్పెయినే.

నిషేధం ముగియడంతో రోహిదాస్ తిరిగొస్తున్నాడు. అంటే ఫస్ట్ రషర్ తన చోటుకు వస్తాడు, రెండో ఫ్లిక్కర్ కూడా దొరుకుతాడు. డిఫెన్స్‌కు ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. మిగిలింది జట్టు సరిదిద్దుకోవాల్సిన రెండు విషయాలు. గోల్ కొట్టాక వెనక్కి తగ్గకపోవడం, కార్నర్లలో ఒకే పాట పాడకపోవడం.

గెలిస్తే 1968, 1972 తర్వాత వరుసగా రెండు ఒలింపిక్స్‌లో హాకీ పతకం. 52 ఏళ్ల తర్వాత తొలిసారి. అన్నింటికీ మించి, 2006లో భారత సీనియర్ జట్టులోకి వచ్చిన శ్రీజేష్ గోల్ ముందు నిలబడే చివరి మ్యాచ్ ఇది. స్వర్ణం ఆడే అవకాశం అతనికి ఇవ్వలేకపోయారు. మెడలో కంచుతోనైనా పంపించగలరా? రేపు సాయంత్రానికి తేలిపోతుంది.